జపమాల మెడకు కాదండీ, చేతికి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. మీ పత్రికతో నా పరిచయం పాతది. తెల్లవారుజాము ట్రిప్పులో పేపరు కట్టలు మా బస్సులోనే ఊళ్ళకు వెళ్ళేవి. ఏజెంటు కంటే ముందే ఒక కాపీ మెల్లగా లాగి, చదివి, మడత చెడకుండా మళ్ళీ కట్టలో దోపేవాణ్ణి. ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.

ఈ 2025 అక్టోబరు మొదటి వారంలో మీ భక్తి పేజీలో జపమాల మీద అరపేజీ వ్యాసం వేశారు. అక్టోబరు మా కతోలిక క్రైస్తవులకు జపమాల మాసం, ఏడో తేదీ జపమాల మాత పండుగ. గుర్తుపెట్టుకుని వేసినందుకు సంతోషమే. కానీ దాని హెడ్డింగు 'జపమాల ధరిస్తే కలిగే ఏడు ఫలితాలు'. నరదిష్టి తగలదట. ఇంట్లో గొడవలు సద్దుమణుగుతాయట. ఆగిపోయిన పనులు వాటంతటవే కదులుతాయట. పక్కన మెడలో జపమాల వేసుకున్న ఒక అమ్మాయి ఫోటో, దాని కింద 'మేరీమాతను పూజిస్తున్న భక్తురాలు' అని ఒక లైను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇది మన జపమాలేనా, రంగురాళ్ళ ఉంగరమా?" అంది.

నేను పండితుణ్ణి కాదు. కానీ యాభై ఏళ్ళకు పైగా జపమాల తిప్పుతున్నాను, అంతకుముందు మా అమ్మ తిప్పుతుంటే చూశాను. ఆ అధికారంతోనే రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. జపమాలలో 59 పూసలుంటాయి, కొసన సిలువ ఉంటుంది. సిలువ పట్టుకుని విశ్వాస సంగ్రహం చెబుతాం. దాని పైన ఒక పెద్ద పూస, మూడు చిన్నవి, మళ్ళీ ఒక పెద్దది. అక్కడి నుంచి గుండ్రంగా తిరిగే భాగంలో పదేసి చిన్న పూసల చొప్పున ఐదు పదులు, పదికీ పదికీ నడుమ ఒక్కో పెద్ద పూస. పెద్ద పూస దగ్గర యేసు నేర్పిన పరలోక జపం, చిన్న పూసకు ఒక్కో మంగళవార్త జపం, అంటే యేసు తల్లి మరియమ్మకు చెప్పే వందనం, పది అయ్యాక తండ్రి, కుమార, పవిత్రాత్మలను స్తుతించే త్రిత్వ స్తోత్రం. ఆత్రపడకుండా చెబితే ఇరవై నిమిషాల పని. ఫిరంగిపురంలో బస్సెక్కినవాడు నర్సరావుపేటలో దిగేలోపు అయిపోతుంది.

ఇందులో మెడకు సంబంధించింది ఏదీ లేదు. గొలుసులా ఉంది కాబట్టి వేసుకుంటున్నారు, అంతే. వేసుకుంటే పాపమని ఎవరూ అనలేదు. మా పిల్లలూ వేసుకుంటారు, ఆటోవాళ్ళు అద్దానికి వేలాడదీస్తారు. నా మటుకు నేను దాన్ని కండక్టరు సంచితో పోలుస్తాను. సంచి భుజాన వేసుకున్నంత మాత్రాన టికెట్లు తెగవు కదా.

పూసలు లెక్క కోసమే అనుకుంటారు చాలామంది. లెక్కకే అయితే నాకు పూసలెందుకు? మనుషులు ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసిన బస్సులో ఎవరు టికెట్ తీసుకోలేదో మొహం చూసి చెప్పేవాణ్ణి. లెక్కపెట్టే పని వేళ్ళకు అప్పగించేస్తే మనసుకు ఆ బాధ్యత తప్పుతుంది, పూసలున్నది అందుకు. మా పక్కింటి మాస్టారి తులసిమాలలో 108 పూసలు. సెంటర్లో బట్టలు కుట్టే భాయ్ చేతిలో తస్బీహ్ మాల ఉండేది. వాళ్ళు జపించేది వేరు, మేం జపించేది వేరు. వేళ్ళకు పని చెప్పి మనసును కుదురుగా కూర్చోబెట్టాలన్న ఉపాయం మాత్రం అందరికీ తట్టింది.

అలా కుదురుకున్న మనసు చూడాల్సింది యేసు జీవితంలోని ఘట్టాలను. వాటిని దేవ రహస్యాలంటాం. పదికొక రహస్యం. సోమవారం, శనివారం సంతోష రహస్యాలు. మంగళ, శుక్రవారాలు దుఃఖ రహస్యాలు. బుధ, ఆదివారాలు మహిమ రహస్యాలు. గురువారం వెలుగు రహస్యాలు. నోరు మంగళవార్త చెబుతూ ఉంటుంది, కన్ను ఆ ఘట్టం మీద ఉంటుంది. మీ వ్యాసంలో ఏడు ఫలితాలున్నాయి గాని ఈ ఇరవై రహస్యాల్లో ఒక్కటీ లేదు. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని దేహమని 1974లో పోపు ఆరవ పౌలు గారు రాశారు. మీ పేజీలో వచ్చింది ఆ దేహం ఫోటో.

ఇక మా అమ్మ.

ఆమెకు అక్షరం రాదు. మిరప కోతల కాలంలో కూలికి వెళ్ళేది, తర్వాత కల్లాల్లో తొడిమలు తీసే పనికి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి వేళ్ళ కొసలు భగభగ మండుతుండేవి. ఆముదం రాసుకుని, మా కళ్ళకు ఆ చేతులు తగలకుండా కొంగుకు తుడుచుకుని, దీపం పెట్టి జపమాల తీసేది. నల్ల కర్రపూసల జపమాల అది. ఇంగ్లండు మిషనరీలైన మిల్ హిల్ ఫాదర్ల కాలంలో మా అమ్మమ్మకు వచ్చిందట. ఎన్నిసార్లు తెగిందో. తెగినప్పుడల్లా కరెంటు వైరు చీల్చి లోపలి రాగి పోచతో నేనే కట్టేవాణ్ణి. ఒకసారి తెగినప్పుడు మూడో పదిలో ఒక పూస దొరకలేదు. అరుగు కింద, కోళ్ళ గంప కింద అంతా వెతికాం. పోయింది. అప్పటి నుంచి మూడో పదికి తొమ్మిదే పూసలు.

అమ్మ దానికి ఒక దారి కనిపెట్టింది. తొమ్మిది పూసలయ్యాక, పదో మంగళవార్త పక్కన కూర్చున్న పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి చెప్పేది. ఇక చూడండి మా ముగ్గురి మధ్య పోట్లాట. రెండో పది అవుతుండగానే ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ అమ్మ పక్కకు జరిగేవాళ్ళం. జపం ఆపకుండానే ఆమె కంటితో బెదిరించేది.

మీ వ్యాసకర్త చెప్పిన ఏడు ఫలితాలూ ఆమెకు కలిగాయా అని లెక్క చూశాను. అరవై ఏళ్ళ పైన తిప్పింది. మిరప ధర పడిపోవాల్సిన ఏడాది పడిపోయింది. మా నాన్న తాగుడు మానలేదు. ఇల్లు పదేళ్ళు కురిసింది. ఇందులో ఏదీ జపమాల చేతగానితనం కాదు. అది ఆ పనులకు చేసిన సరుకే కాదు. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు ఏదో ఒకటి అడిగే మనిషి ఆమె. దీపం ముందు కూర్చున్న ఇరవై నిమిషాలు మాత్రం ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. నాన్న కూడా వాకిట్లోనే ఆగేవాడు, తాగొచ్చినా సరే.

సంతోష రహస్యాల్లో రెండోది, గర్భవతి మరియమ్మ కొండసీమకు వెళ్ళి తన చుట్టం ఎలిజబెతమ్మను చూడటం. గుళ్ళో ప్రసంగాల్లో దీన్ని గొప్ప గొప్ప మాటల్లో చెబుతారు. మా అమ్మకు అది కాన్పు సాయం. "పెద్ద వయసులో కడుపొచ్చింది గదా ఆ ఎలిజబెతమ్మకు. పనికి ఎవరున్నారు పాపం? మూడు నెలలు నీళ్ళు తోడింది, రొట్టెలు కాల్చింది మరియమ్మే అయ్యుంటుంది" అనేది. మూడు నెలలున్నదని లూకా సువార్తలో ఉంది. నీళ్ళు తోడటం మా అమ్మ చేర్చింది. నాకైతే ఆ చేర్పులో తప్పేమీ కనిపించలేదు.

ఐదోది, పన్నెండేళ్ళ యేసు తప్పిపోయి మూడు రోజుల తర్వాత దేవాలయంలో కనబడటం. దీని సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి. నాకు ఆరేళ్ళప్పుడు గుణదల తిరునాళ్ళకు వెళ్ళాం. బెజవాడ దగ్గర ఆ కొండ మీద ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి గారు 1924లో లూర్దు మాత (మరియమ్మ) స్వరూపం పెట్టారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళు. అన్ని మతాలవాళ్ళూ వస్తారు. ఆ జనంలో మా అన్న తప్పిపోయాడు. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. మైకులో పేరు చెప్పించాం. నాన్న కొండ కింద, అమ్మ కొండ మీద వెతికారు. మూడు గంటల తర్వాత దొరికాడు. గుండ్లు గీసేచోట కూర్చుని, చెరుకు ముక్క నములుతూ, ఎవరి గుండు ఎలా ఉందో చూస్తున్నాడు. అమ్మ ముందు వాడి వీపు మీద ఒక్కటిచ్చింది, ఆ తర్వాత వాణ్ణి వాటేసుకుని, "ఎందుకిట్టా చేశావురా, నేనూ మీ నాన్నా ఏడ్చుకుంటా ఎతుకుతున్నాం గదరా" అంది.

చాలా ఏళ్ళ తర్వాత లూకా రెండో అధ్యాయం చదువుతూ 48వ వచనం దగ్గర ఆగిపోయాను. గుళ్ళో కనబడ్డ కొడుకుతో మరియమ్మ అన్నదీ ఆ మాటే. ఎందుకిలా చేశావు, నీ తండ్రీ నేనూ దుఃఖపడుతూ నిన్ను వెదికాం అని. అమ్మ బైబిలు చదివి అన్నది కాదు కదా. ఆ తిరునాళ్ళ తర్వాత సోమవారం, గురువారం (అప్పట్లో గురువారమూ సంతోష రహస్యాలే) ఐదో రహస్యం వచ్చేసరికి ఆమె గొంతు ఒక్క క్షణం పట్టుకునేది. మరియమ్మకు మూడు రోజులు, తనకు మూడు గంటలు. మా అన్న మాత్రం సరిగ్గా ఆ సమయానికి నీళ్ళు తాగే నెపంతో లేచిపోయేవాడు.

రెండో సంగతి, 'పూజిస్తున్న' అనే మాట. ఈ తప్పు పూర్తిగా మీ విలేకరిది కాదు, అందులో మాకూ వాటా ఉంది. చర్చిలో జరిగే మాస్ ఆరాధనను మేం దివ్యబలిపూజ అంటాం, వాడుకలో 'పూజకు వెళ్ళొచ్చావా' అనే అడుగుతాం. ఆ మాట బయటివాళ్ళ చెవిన పడి మరియమ్మకు కూడా పూజ చేస్తామనుకుంటారు. కాదు. ఆరాధన దేవుడికి మాత్రమే. మరియమ్మకు వందనం చేస్తాం, మా కోసం ప్రార్థించమని అడుగుతాం.

మంగళవార్త జపం వినండి. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము. ఏలినవారు మీతో ఉన్నారు." ఇది గబ్రియేలు దూత పలకరింపు, లూకా ఒకటో అధ్యాయంలోది. "స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే. మీ గర్భఫలమగు యేసు ఆశీర్వదింపబడెను." ఇది ఎలిజబెతమ్మ మాట, అదే అధ్యాయం. సగానికి సగం బైబిలే. సరిగ్గా నడుమ యేసు పేరు. మిగతా సగం మా మొర. "పాపులమైయుండెడు మా కొరకు ఇప్పుడును, మా మరణ సమయమందును ప్రార్థించండి." ప్రార్థించమని ఎవరైనా దేవుణ్ణి అడుగుతారా? ఆమె దేవుడు కాదన్న సంగతి ఆ ఒక్క క్రియాపదంలోనే ఉంది. ఇంకో చిత్రం చూశారా, ఇంట్లో కన్నతల్లిని 'నువ్వు' అనే మేం ఈ తల్లిని 'మీరు' అంటాం.

ఈ వాదన నేను బాగా సాధన చేసిందే. మా డిపోలో నాతో ఎక్కువ డ్యూటీలు చేసిన డ్రైవరన్న లూథరన్, అంటే ప్రొటెస్టంట్. గుంటూరు వైపు వాళ్ళ సంఘం పెద్దది. బైబిలు ఆయనకు కంఠతా వచ్చు. "ఏందయ్యా ఒకే మాట యాభై సార్లు? వ్యర్థమైన మాటలు వచింపవద్దు అని మత్తయి ఆరులో ఉందా లేదా?" అనేవాడు. "ఉందన్నా. అదే మత్తయి ఇరవై ఆరులో గెత్సెమనె తోటలో యేసు మూడోసారి కూడా అవే మాటలు చెప్పి ప్రార్థించాడనీ ఉంది. 136వ కీర్తనలో 'ఆయన కృప నిరంతరముండును' అని 26 సార్లు ఉంది, ఒకసారి చెబితే దేవుడికి వినపడలేదా?" అనేవాణ్ణి. ఆయన గేరు మార్చి హారన్ కొట్టేవాడు. అంటే ఆ పూటకు వాదన వాయిదా.

ఒకసారి నైట్ హాల్ట్‌లో ఉన్నాం. అప్పటికి సెల్‌ఫోన్లు లేవు, ఆ ఊళ్ళో ఫోనే లేదు. ఆయన భార్యకు గుంటూరులో మర్నాడు పొద్దున ఆపరేషన్. సెలవు దొరక్క డ్యూటీకి వచ్చాడు. బస్సులో వెనక సీట్ల మీద పడుకోవడం మా అలవాటు. ఆయన పడుకోలేదు, స్టీరింగ్ దగ్గరే కూర్చున్నాడు. నేను ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) రాసేసి, చిల్లర మూట కట్టి, జపమాల తీశాను. చీకట్లో ఆయన, "బయటికి చెప్పు, నేను వింటా" అన్నాడు.

"మంగళవారం అన్నా ఇవాళ, దుఃఖ రహస్యాలు" అన్నాను. "ఏం దుఃఖాలు?" అన్నాడు. మొదటిది గెత్సెమనె తోటలో యేసు వేదన అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనంతట తనే, కళ్ళు మూసుకుని, లూకా సువార్తలోని ఆ ఘట్టం మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించునుగాక" దాకా. ఆయన ఆపగానే నేను పది మంగళవార్తలు చెప్పాను. రెండోది కొరడా దెబ్బలు. ఆయన వచనాలు, నా పది. మూడోది ముళ్ళ కిరీటం. అలా ఐదూ అయ్యాయి. మంగళవార్త ఒక్కటి కూడా ఆయన నోట రాలేదు, నేను రమ్మననూ లేదు. కానీ జపమాల అంటే ఏమిటో నాకు ఆ రాత్రి తెలిసినంత స్పష్టంగా ఏ ధ్యానకూటంలోనూ తెలియలేదు. ఆయన సువార్త చెబుతుంటే నేను పూసలు జరిపాను, అంతే కదా అందులో జరిగింది. ఆయన భార్య కోలుకుంది. ఇది జపమాల ఎనిమిదో ఫలితమని దయచేసి రాయకండి, ఆపరేషన్ చేసింది డాక్టర్లు. ఆయన మళ్ళీ వాదించడం కూడా మానలేదు. కాకపోతే నైట్ హాల్ట్ రోజుల్లో "ఇవాళ ఏ రహస్యాలు?" అని అడిగేవాడు.

చరిత్ర ఎక్కువ రాయను. మఠాల్లో చదువొచ్చిన సన్యాసులు 150 కీర్తనలు పాడేవారు. చదువురానివాళ్ళు వాటి బదులు 150 సార్లు పరలోక జపం చెప్పి దారానికి కట్టిన పూసలతో లెక్క పెట్టుకునేవారు. మెల్లగా పరలోక జపాల స్థానంలో మంగళవార్తలు వచ్చాయి, పదిహేను రహస్యాలు కుదురుకున్నాయి. మరియమ్మే దోమినికన్ సభ స్థాపించిన పునీత (సెయింట్) దోమినిక్ గారి చేతికి ఇచ్చిందని మా ఉపదేశి చెప్పేవాడు. చరిత్రకారులు మాత్రం కొన్ని వందల ఏళ్ళలో తయారైందంటారు. నాకు రెండోదే బాగుంది. అక్షరం రాని మనుషులు తరతరాలు వాడి వాడి నున్నగా చేసిన వస్తువు అది. అక్టోబరు 7 పండుగ 1571లో లెపాంతో దగ్గర జరిగిన సముద్ర యుద్ధం క్రైస్తవ సేనలు గెలిచిన రోజు. ఆ కథ నాకు ఎప్పుడూ అంతగా రుచించలేదు, వదిలేస్తున్నాను.

ఇంకొకటి మాత్రం చెప్పాలి, మీ పేజీకి అది మంచి వార్తయ్యేది. ఇటలీలో బర్తోలో లోంగో అని ఒక లాయరు. యౌవనంలో దేవుణ్ణి వదిలేసి ఆత్మలను పిలిచేవాళ్ళతో తిరిగాడు, దేవుడి దగ్గరికి తిరిగి వచ్చాక కూడా చేసిన తప్పు తాలూకు బెంగ పోలేదు. 1872లో ఒకరి పొలాల వ్యవహారం చూడ్డానికి పొంపేయి వెళ్ళి, అక్కడి రైతు కూలీలకు జపమాల నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ కోసం 1875లో జపమాల మాత పటం తెప్పిస్తే, దాన్ని మోసుకొచ్చింది పేడ ఎరువు తోలే బండి. ఈ రోజు ఆ పటం ఉన్నచోట పెద్ద పుణ్యక్షేత్రం. ఆ లాయరును మొన్న 2025 అక్టోబరు 19న పోపు 14వ లియో గారు పునీతుడిగా ప్రకటించారు. అక్టోబరును జపమాలకు కేటాయించింది 1883లో 13వ లియో. ఈ 2025 అక్టోబరులో రోజూ శాంతి కోసం జపమాల చెప్పమని లోకంలోని కతోలికులందరినీ అడిగింది ఈ 14వ లియో. నరదిష్టి కోసం చెప్పమని ఇద్దరూ అడగలేదు.

వెలుగు రహస్యాలు 2002 అక్టోబరులో పోపు రెండవ జాన్ పాల్ గారు చేర్చారు. అప్పటికి అమ్మకు డెబ్బై దాటాయి. "ఈ వయసులో కొత్త పాఠమా నాకు? గురువారం నేను పాతవే చెప్పుకుంటా" అని భీష్మించుకుంది. వాటిలో రెండోది కానా ఊరి పెళ్ళి అని చెప్పేదాకా. పెళ్ళిలో ద్రాక్షారసం అయిపోయిన సంగతి వినగానే లేచి కూర్చుంది. మా అక్క పెళ్ళిలో మూడో బంతికి సాంబారు అయిపోయి, నాన్న పెళ్ళివారి ముందు తలదించుకున్న రోజు ఆమె మర్చిపోలేదు. "చూశావా, ఆడమనిషి కనుక వంటింట్లోకి తొంగి చూసింది. మగాళ్ళకు తెలిసిద్దా?" అంది. ఆ పెళ్ళిలో మరియమ్మ పనివాళ్ళతో అన్నది ఒక్క మాట. "ఆయన మీతో చెప్పునది చేయుడి." సువార్తల్లో ఆమె నోట వచ్చిన ఆఖరి మాట అదే. తన వైపు చూడమనలేదు, ఆయన వైపు చూపించింది. మీ విలేకరికి నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలో ఉంది.

అమ్మ పోయిన రోజు సాయంత్రం స్పృహ లేదు. జపమాల గోడకు మేకు మీద ఉంది. వేళ్ళు మాత్రం దుప్పటి అంచును పట్టుకుని కొంచెం కొంచెంగా జరుపుతున్నాయి. ఎన్నో పూస దగ్గర ఉందో మాకెవరికీ తెలియదు. నేను తల వంచి ఆమె చెయ్యి కింద పెట్టాను. శవపెట్టెలో చేతులకు చుట్టడానికి అక్క కొత్త జపమాల కొనుక్కొచ్చింది. పాతది నా దగ్గరుంది. మొన్న ఫిబ్రవరిలో గుణదల కొట్లో ఒకతను చూసి, "తాతా, పూస తక్కువుంది, పది రూపాయలిస్తే వేసిస్తా" అన్నాడు. వద్దన్నాను.

మీ మీదే పడి మా తప్పులు దాచుకోవడం న్యాయం కాదు. మా గుడిలోనే పూజకు ముందు మైకులో చెప్పే జపమాల ఎక్స్‌ప్రెస్ బస్సులాంటిది, ఏ స్టేజీలోనూ ఆగదు. ముందు సగం చెప్పేవాళ్ళు ముగించకముందే వెనక సగం వాళ్ళు అందుకుంటారు. ఐదు పదులు పది నిమిషాల్లో అవగొట్టామని గొప్పగా చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు యూట్యూబులో జపమాల పెట్టేసి పప్పు తాలింపు వేసుకునే ఇళ్ళు ఎక్కువయ్యాయి. మా కోడలూ అంతే. పోనీలే, ఆ చేతులకూ ఖాళీ లేదు, చెవినైనా పడుతుంది అనుకుంటాను. అక్టోబరు నెలంతా మరియమ్మ స్వరూపాన్ని రోజుకో ఇంటికి తీసుకెళ్ళి జపమాల చెప్పే ఆచారం మా పల్లెలో ఇంకా నడుస్తోంది. గుగ్గిళ్ళు, టీ ఉంటాయి. పిల్లలు గుగ్గిళ్ళ కోసమే వస్తారు. మేమూ అలాగే వచ్చాం.

చివరగా నా విన్నపం. ఈ ఉత్తరం పొడుగైంది, వేయలేకపోతే వేయకండి. కానీ ఫిబ్రవరి దగ్గరకొస్తోంది. గుణదల తిరునాళ్ళకు మీ ఫోటోగ్రాఫరు ఎలాగూ వస్తారు. ఈసారి మెడలు వదిలేసి చేతులు ఫోటో తీయమనండి. కొండ మెట్ల మీద కూర్చుని జపమాల తిప్పే ముసలమ్మలు బోలెడంతమంది ఉంటారు. కింద 'పూజిస్తున్న' అని కాకుండా 'జపమాల చెబుతున్న' అని రాయండి, చాలు. ఆ రోజు ఏ వారమో చూసుకుని ఆ రహస్యాల పేరు కూడా వేస్తే ఇంకా సంతోషం. 2026లో 11వ తేదీ బుధవారం పడింది. మహిమ రహస్యాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత కండక్టరు,
ఫిరంగిపురం మండలం.